స్టాండ్‌బై రోజంటే లేని రోజే: ఒక ఫస్ట్ ఆఫీసర్ దంపతుల కేస్ స్టడీ

మొదటిసారి ఆ ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) ఒక్కరే నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చారు. కుర్చీలో కూర్చుంటూనే లాప్‌టాప్ తెరిచి ఒక ఎక్సెల్ షీట్ చూపించారు. నిలువు వరసల్లో నాలుగు ఉద్యోగాలు, అడ్డ వరసల్లో పదిహేడు అంశాలు. జీతం, ఏడాదికి ఎన్ని ఫ్లయింగ్ అవర్స్, కెప్టెన్ కావడానికి ఎన్నేళ్లు, టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) ఖర్చు ఎవరిది, బాండ్ (కంపెనీ వదిలి వెళ్లకూడని గడువు) ఎంతకాలం, ఇలా సాగుతుంది వరస. ప్రతి గడికీ మార్కులు వేసి కింద కూడిక కూడా చేశారు. లాంగ్ హాల్ (దూర ప్రయాణాల) ఉద్యోగం మిగతా మూడింటి కంటే బాగా ముందుంది.

"లెక్క తేలిపోయింది మేడం. మా ఆవిడకి ఎలా చెప్పాలో మీరు చెప్తే చాలు" అన్నారు.

ఆ మాట దగ్గరే నేను ఆగాను. పదిహేడు అంశాల్లో ఆవిడ ఉద్యోగం లేదు. పాప లేదు. "ఫ్యామిలీ టైమ్" అని ఒక గడి ఉంది, అందులో నెలకి ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంటారన్న అంకె ఒకటి ఉంది, అంతే. ఆయనకి ఇంటి మీద ప్రేమ లేక ఇలా చేశారని నేను అనుకోలేదు. పైలట్ల శిక్షణే అలా ఉంటుంది. సమస్యని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక అంకె పెట్టి, వరస తప్పకుండా చూసుకుంటూ పోవాలి. కాక్‌పిట్‌లో ప్రాణాలు కాపాడేది ఆ అలవాటే. అదే అలవాటుని ఇంటికి తీసుకొచ్చారు.

నేను పదకొండేళ్లు నారోబాడీ (మధ్యలో ఒకే నడవ ఉండే) జెట్ విమానాలు నడిపాను. తర్వాత కౌన్సెలింగ్‌లో శిక్షణ తీసుకుని, తొమ్మిదేళ్లుగా పైలట్లతోనూ వాళ్ల జీవిత భాగస్వాములతోనూ పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఎవరు, ఏ పరిస్థితిలో ఉన్నారు

ఆయనకి 36 ఏళ్లు. ఎయిర్‌బస్ ఎ320 మీద ఫస్ట్ ఆఫీసర్, ఆ కంపెనీలో ఏడో ఏడు, మొత్తం 4,100 గంటలు. ఆవిడకి 33, ఫిజియోథెరపిస్ట్. ఒక క్లినిక్‌లో పూర్తికాలం పనిచేస్తూ, వారంలో రెండు సాయంత్రాలు స్పెషలైజేషన్ కోర్సు చదువుతున్నారు. ఆ కోర్సు ఇంకా పదమూడు నెలలు ఉంది. పాపకి నాలుగేళ్లు. పెళ్లయి ఆరేళ్లు.

ఆయన ముందు నాలుగు దారులు ఉన్నాయి. ఒకటి, ఉన్న కంపెనీలోనే ఉండి కమాండ్ అప్‌గ్రేడ్, అంటే కెప్టెన్ హోదా, తీసుకోవడం. అది దగ్గర్లోనే ఉంది, నాలుగు నెలల్లో పిలుపు రావచ్చు. రెండు, మరో కంపెనీలో వైడ్‌బాడీ (రెండు నడవల పెద్ద విమానం) మీద లాంగ్ హాల్ ఫస్ట్ ఆఫీసర్. జీతం ఎక్కువ, కానీ బేస్ (డ్యూటీలు మొదలయ్యే ఊరు) వేరే నగరంలో, ఇంటి నుంచి విమానంలో మూడు గంటల దూరం. మూడు, బిజినెస్ జెట్. నాలుగు, సిమ్యులేటర్ (నేల మీది శిక్షణ యంత్రం) ఇన్‌స్ట్రక్టర్. చివరిది షీట్ నిండడానికి పెట్టారని చూడగానే అర్థమైంది. ఆ వరసలో మార్కులు కూడా సరిగ్గా వేయలేదు.

రెండోసారి ఇద్దరూ కలిసి రావాలని అడిగాను. అంతకు ముందు ఆవిడతో విడిగా ఒక గంట మాట్లాడాను.

నేను తప్పుగా ఊహించిన సంగతి

ఇలాంటి కేసుల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఒకటే దృశ్యం. లాంగ్ హాల్ అనగానే ఇంట్లో ఉండిపోయే మనిషి "అన్ని రోజులు ఒక్కదాన్నేనా" అని భయపడతారు. ఈవిడ దగ్గర కూడా అదే వింటానని అనుకున్నాను. ఒంటరితనం గురించి, తోడు గురించి నాలుగు ప్రశ్నలు కూడా రాసిపెట్టుకున్నాను. రెండో ప్రశ్నకే ఆవిడ నన్ను ఆపేశారు.

"ఆయన ఐదు రోజులు లేకపోతే నాకేం కాదు మేడం. లేరని తెలిస్తే నా ఏర్పాట్లు నేను చేసుకుంటాను. ఇంట్లోనే ఉంటూ, చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు చూడండి, ఆ రోజులే నాకు టెన్షన్. ఉన్నారో లేరో తెలియదు."

ఆవిడ చెబుతున్నది స్టాండ్‌బై గురించి. బయటివాళ్ల కోసం కొంచెం వివరిస్తాను. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా, ముందు ఫ్లైట్ ఆలస్యమై ఒక సిబ్బందికి పని గంటలు అయిపోయినా, వాళ్ల బదులు ఎగరడానికి కంపెనీ రోజూ కొంతమంది పైలట్లని సిద్ధంగా ఉంచుతుంది. ఇంట్లోనే ఉండొచ్చు. పిలుపు వస్తే మాత్రం గంటన్నరలోనో రెండు గంటల్లోనో ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. ఏ ఊరికి వెళ్తారో, రాత్రికి ఇంటికి వస్తారో రారో అప్పుడే తెలుస్తుంది. ఈయనకి నెలకి సగటున నాలుగు స్టాండ్‌బైలు పడుతున్నాయి.

ఆవిడ ఒక సాయంత్రం గురించి చెప్పారు. ఆ రోజు ఆవిడకి కోర్సు క్లాసు ఉంది. ఆయన స్టాండ్‌బైలో ఉన్నారు. పిలుపు రాదులే, డేకేర్ నుంచి పాపని నేను తెస్తానని ఆయన పొద్దున్నే అన్నారు. సాయంత్రం 4:10కి ఫోన్ మోగింది, 4:30కి ఆయన ఇల్లు వదిలారు. దారిలో ఆవిడకి మెసేజ్ పెట్టారు. అప్పుడు ఆవిడ ఒక పేషెంట్‌కి మోకాలి ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారు, ఫోన్ లాకర్‌లో ఉంది. అక్కడి నుంచి నేరుగా క్లాసుకి వెళ్లారు, ఫోన్ తీసి చూసేసరికి ఆరున్నర దాటింది. డేకేర్‌కి పరుగెత్తి వెళ్తే లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి, ముందు గదిలో ఒక్కటే వెలుగుతోంది. చెప్పులు పెట్టుకునే బెంచీ మీద పాప కూర్చుని ఉంది. బ్యాగు భుజాలకి తగిలించుకునే ఉంది. టీచర్ కోటు వేసుకుని పక్కనే నిలబడ్డారు. పాప ఏడవలేదు. "నాన్నకి ఫోన్ వచ్చిందా?" అని అడిగింది.

అది చెప్పి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నేను రాసిపెట్టుకున్న ప్రశ్నల కాగితం మడిచి పక్కన పెట్టాను. ఈ ఇంటి సమస్య దూరం కాదు, రేపు ఏం జరుగుతుందో తెలియకపోవడం. ఆ గంట లేకపోతే కౌన్సెలింగ్ మొత్తం తప్పు ప్రశ్న చుట్టూ తిరిగేది.

టేబుల్ మీద క్యాలెండర్

ఇద్దరూ కలిసి వచ్చిన రోజు లాప్‌టాప్ తెరవనివ్వలేదు. పెద్ద కాగితాల మీద 30 గడుల క్యాలెండర్లు గీసి, మూడు రంగుల పెన్సిళ్లు ఇచ్చాను. మనిషి ఇంట్లో లేని రాత్రి ఎరుపు. ఇంట్లో ఉన్నా మనకి అక్కరకి రాని సాయంత్రం పసుపు. పూర్తిగా మనదైన సాయంత్రం నీలం. ఆయన రోస్టర్ (నెల డ్యూటీల పట్టిక) చదవాలి, ఆవిడ రంగు వేయాలి. ఏది పసుపు, ఏది నీలం అన్నది ఆవిడ ఇష్టం.

మొదట ఇప్పటి ఉద్యోగం, అంతకు ముందు నెల నిజంగా నడిచిన రోస్టర్. ఎక్సెల్ షీట్‌లో ఆయన "ఇంట్లో 24 రాత్రులు" అని రాసుకున్నారు. ఎరుపు ఆరే, అది నిజమే. మిగిలిన 24 దగ్గర ఆవిడ పసుపు పెన్సిల్ తీశారు. మర్నాడు తెల్లవారుజామున 5:15కి రిపోర్టింగ్ (డ్యూటీకి హాజరు) అంటే ఆయన ముందు రోజు రాత్రి ఎనిమిదింటికే తలుపేసుకుని పడుకుంటారు. అలాంటివి 8. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరినవి 5. స్టాండ్‌బైలు 4. నీలానికి మిగిలినవి 7. ఆయన ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నారు. ఏడే.

నెలకి 80 గంటలు ఎగిరితే తేలికైన ఉద్యోగం కదా అని చాలామంది అనుకుంటారు. ఆ 80 గంటలు విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా మాత్రమే. ముందు రిపోర్టింగ్, రెండు సెక్టర్ల (ఫ్లైట్ల) మధ్య నిరీక్షణ, చివర్లో కాగితాల పని అందులో రావు. యూరప్ నిబంధనల్లో 28 రోజుల్లో 100 గంటల ఫ్లయింగ్‌కి పరిమితి ఉంటే, అదే 28 రోజుల్లో డ్యూటీ గంటలకి పరిమితి 190. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే షార్ట్ హాల్ (తక్కువ దూరాల) పైలట్ జీవితం చాలావరకు గడిచిపోతుంది. పైగా రాత్రి 2 నుంచి ఉదయం 5:59 దాకా శరీరం నిద్ర కోసం అల్లాడే సమయమని ఆ నిబంధనలే గుర్తిస్తాయి. 5:15 రిపోర్టింగ్ అంటే మూడున్నరకే అలారం. వరసగా మూడు రోజులు అలా లేచిన మనిషి నాలుగో సాయంత్రం ఇంట్లో ఉన్నా పలకరు.

తర్వాత లాంగ్ హాల్. అక్కడ పనిచేసే నా పాత సహోద్యోగి ఒకరిని అడిగి, పేర్లు తీసేసిన రోస్టర్ తెచ్చుకున్నాను. నెలకి నాలుగు ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పుకి మూడు రాత్రులు బయట. ఎరుపు 12. తిరిగొచ్చిన రోజు ఎలాగూ నిద్రే కాబట్టి పసుపు 4. తూర్పు వైపు వెళ్లే ట్రిప్పులు మరీ కష్టం. మన ఒంట్లోని గడియారం 24 గంటల కంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి రోజుని సాగదీయడం దానికి తేలిక, కుదించడం కష్టం. అది కూడా చెప్పాను. అయినా నీలం 14 వచ్చింది. ఇప్పటి ఉద్యోగానికి సరిగ్గా రెట్టింపు.

ఆయన ముఖం వెలిగింది. ఆవిడ కూడా "ఇది నాకు ఫర్వాలేదు" అన్నారు. భర్తని దూరంగా పంపడానికి ఆవిడ ఒప్పుకోరని ఆయన మూడు నెలలుగా మథనపడుతున్నారు. ఇక్కడ చూస్తే ఆవిడే ముందు ఒప్పుకున్నారు.

అప్పుడు కమ్యూటింగ్, అంటే ఇంటి నుంచి బేస్‌కి రాకపోకలు, కలపమన్నాను. బేస్ మూడు గంటల ఫ్లైట్ దూరంలో ఉంది. ట్రిప్ మర్నాడు పొద్దున్న అంటే ముందు రాత్రే అక్కడికి చేరుకోవాలి, నెలకి 4 రాత్రులు. తిరిగొచ్చేటప్పుడు ఆఖరి ఫ్లైట్ అందకపోతే ఇంకో రాత్రి అక్కడే, తక్కువలో తక్కువ నెలకి 2. నీలం 14 నుంచి 8కి పడింది. కొత్తగా చేరినవాళ్లకి మొదటి ఏడాది రిజర్వ్ (స్టాండ్‌బై లాంటిదే) ఎక్కువ పడుతుంది, రిజర్వ్ అంటే బేస్ ఉన్న ఊళ్లోనే ఉండాలి. ఆ 8కి కూడా భరోసా లేదు.

కమ్యూటింగ్ విషయంలో నేను గట్టిగానే మాట్లాడతాను, ఈ కేసులోనూ మాట్లాడాను. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ 3407 కూలిపోయి మొత్తం 50 మంది చనిపోయారు. పైలట్లిద్దరి బేస్ నెవార్క్. ఒకరి ఇల్లు ఫ్లోరిడాలో, మరొకరిది దేశానికి అటు చివర సియాటిల్ దగ్గర. ఫస్ట్ ఆఫీసర్ ముందు రాత్రంతా విమానాలు మారుతూ బేస్ చేరారు. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరికకి కెప్టెన్ స్పందించిన తీరే ప్రమాదానికి కారణమని దర్యాప్తు తేల్చింది. అలసట వల్ల ఇద్దరి పనితీరూ దెబ్బతిని ఉండొచ్చని కూడా చెప్పింది. 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన అమెరికా విశ్రాంతి నిబంధనల వెనక ఆ ప్రమాదం నుంచి మొదలైన చర్చ ఉంది. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. మొదటి సెక్టర్ మొదలయ్యేసరికే ఎనిమిది గంటల ప్రయాణం చేసి ఉన్న పైలట్‌కి ఆ పదిహేడు గంటలు డ్యూటీ మధ్యలోనే నిండిపోతాయి. ఇంటికి దగ్గరగా ఉండాలన్న ప్రేమతోనే మనుషులు కమ్యూట్ చేస్తారు. ఆ ప్రేమకి ఇంత ఖరీదు ఉందని ఇద్దరికీ తెలియాలి.

ఇల్లే బేస్ ఉన్న నగరానికి మార్చుకుంటే? అదీ అడిగాను. ఆవిడ కోర్సు మధ్యలో ఆగిపోతుంది. అక్కడ కొత్తగా రిజిస్ట్రేషన్, కొత్త క్లినిక్, మళ్లీ మొదటి మెట్టు నుంచి. "పదమూడు నెలల తర్వాత అడిగితే ఆలోచిస్తాను, ఇప్పుడైతే వద్దు" అన్నారు. స్పష్టంగా, కోపం లేకుండా చెప్పారు. ఆయన తలూపి, ఆ మాటని తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

మిగతా రెండింటి మీద ఎక్కువ సమయం పెట్టలేదు. బిజినెస్ జెట్‌లో నెలంతా ఒక పెద్ద స్టాండ్‌బైలా ఉంటుంది. యజమాని ఎప్పుడు బయల్దేరాలనుకుంటే అప్పుడే. ఆవిడ ఆ క్యాలెండర్ సగం కూడా నింపకుండా పసుపు పెన్సిల్ కింద పెట్టేశారు. సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగంలో రాత్రులన్నీ ఇంట్లోనే అని ఆయన అనుకున్నారు. అంత ఖరీదైన యంత్రాన్ని ఎవరూ ఖాళీగా ఉంచరు, రాత్రి రెండింటికి మొదలయ్యే స్లాట్లు కూడా ఉంటాయి. పైగా పూర్తికాలం నేల మీదే ఉంటే ఫ్లయింగ్ అవర్స్ అక్కడే ఆగిపోతాయి, ఆ వయసులో అది పెద్ద నష్టం. కెప్టెన్ అయ్యాక, లైన్ ఫ్లయింగ్ (ప్రయాణికులతో మామూలు ఫ్లైట్లు) వదలకుండా నెలకి కొన్ని రోజులు ఇన్‌స్ట్రక్టర్‌గా చేయడం మాత్రం మంచి దారి. దాన్ని తర్వాతి కోసం పక్కన పెట్టాం.

ఎడమ సీటు, లిస్టులో అట్టడుగు

అయితే కమాండ్ తీసుకుని ఉన్నచోటే ఉంటే సరిపోతుంది కదా అన్నారాయన. ఎడమ సీటు (కెప్టెన్ సీటు) కోసం ఏడేళ్లు ఎదురుచూసిన మనిషి ఆ మాట అనడం సహజం. నా కేసుల్లో ఇళ్లు ఎక్కువగా దెబ్బతిన్నది మాత్రం సరిగ్గా ఈ దశలోనే.

వాళ్ల కంపెనీలో రోస్టర్ సీనియారిటీ మీద నడుస్తుంది. ప్రతి నెలా పైలట్లు తమకి కావలసిన ట్రిప్పులు, సెలవులు బిడ్ చేస్తారు, సీనియర్లకి ముందు దొరుకుతాయి. ఏడేళ్ల ఫస్ట్ ఆఫీసర్‌గా ఆయన తన లిస్టులో పై సగంలో ఉన్నారు. కెప్టెన్ అయిన మర్నాడు కెప్టెన్ల లిస్టులో ఆఖరి పేరు ఆయనదే. కోరుకున్న సెలవు రోజులు, వారాంతాలు అన్నీ పోతాయి. స్టాండ్‌బైలు నెలకి నాలుగు నుంచి ఏడు, ఎనిమిదికి పెరుగుతాయి. ఆవిడ సరిగ్గా దేన్ని భరించలేనన్నారో అదే రెట్టింపవుతుంది, అదీ ఆవిడ కోర్సు ఆఖరి ఏడాదిలో.

అప్పుడు ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. మీ కంపెనీలో కెప్టెన్ల సీనియారిటీ ఏ తేదీ నుంచి లెక్క? కంపెనీలో చేరిన తేదీ నుంచా, కెప్టెన్ అయిన తేదీ నుంచా?

ఆయన వెంటనే, "చేరిన తేదీ" అన్నారు. ఆ తర్వాత ఆగిపోయారు. దాని అర్థం ఏమిటో అప్పుడే తట్టింది.

చేరిన తేదీ నుంచే లెక్క అయితే, ఆయన ఈ విడత అప్‌గ్రేడ్ వద్దనుకున్నా ఆయన నంబర్ ఆయనకే ఉంటుంది. ఆయన కంటే వెనక చేరినవాళ్లు ముందుగా కెప్టెన్లు అవుతారు. ఏడాది తర్వాత ఆయన ఆ లిస్టులోకి వెళ్లేసరికి వాళ్లంతా ఆయన కిందే ఉంటారు. ఇప్పుడు వెళ్తే ఆఖరి పేరు. అప్పుడు వెళ్తే, ఆయన అంచనా ప్రకారం, కింద ఇరవై మంది దాకా. స్టాండ్‌బైల భారం వాళ్లతో పంచుకోవచ్చు. అప్‌గ్రేడ్ అయిన తేదీ నుంచి లెక్కపెట్టే కంపెనీలు కూడా ఉన్నాయి. అక్కడ ఆగడం వల్ల ఈ లాభం ఉండదు, ఒక్కోసారి నష్టం కూడా. ఇలాంటి నిర్ణయంలో ఉన్న ఏ పైలట్ అయినా మొదట కనుక్కోవలసింది ఈ ఒక్క నిబంధనే.

రిస్క్ కూడా దాచలేదు. ఏడాదిలో పరిశ్రమ తలకిందులు కావచ్చు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలా కంపెనీల్లో అప్‌గ్రేడ్‌లు ఆగిపోయాయి, కొన్నిచోట్ల కెప్టెన్లే మళ్లీ ఫస్ట్ ఆఫీసర్లుగా కుడి సీటుకి వచ్చారు, సీనియారిటీ పాటించే చోట్ల కొత్తగా చేరినవాళ్ల ఉద్యోగాలే ముందు పోయాయి. ఆగితే కమాండ్ ఏడాది కాదు, నాలుగేళ్లు వెనక్కి పోవచ్చు. ఆ రోజు లాంగ్ హాల్‌కి వెళ్లి లిస్టులో అడుగున ఉండటం కంటే, ఉన్న కంపెనీలో ఏడేళ్ల నంబర్‌తో ఉండటం మేలన్న సంగతి కూడా దాని పక్కనే పెట్టాను.

ఇంకో లెక్క ఆవిడ వేశారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఇద్దరు పైలట్లుండే ఎయిర్‌లైన్ విమానాల్లో 65 దాకా ఎగరొచ్చు, మెడికల్ సరిగ్గా ఉన్నంతకాలం. ఆయనకి 36. "ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో పదమూడు నెలలు. నేనడుగుతున్నది అంతే" అన్నారు ఆయన వైపు తిరిగి. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నేనూ తొందర పెట్టలేదు. ఏళ్ల తరబడి కలలో చూసుకున్న, కెప్టెన్ భుజం మీది నాలుగు గీతల్ని పక్కన పెట్టమంటే ఏ మనిషికైనా కొంచెం సమయం కావాలి. ఇంట్లో ఆలోచించుకుని రమ్మన్నాను.

రెండు నెలల ప్రయోగం

ఆ లోపు ఒక చిన్న నియమం అమలు చేసి చూడమన్నాను. స్టాండ్‌బై రోజంటే లేని రోజే. ఆ రోజు ఆయన పేరు మీద ఇంట్లో ఏ పనీ పెట్టకూడదు. డేకేర్ నుంచి పాపని తేవడానికి, రాత్రి పక్కన ఉండటానికి వేరే మనిషిని ముందే మాట్లాడుకోవాలి. ఆయనకి పిలుపు రాకపోతే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ చేయకూడదు.

రెండో వారంలోనే ఆయన ఫోన్ చేశారు. గొంతు పట్టేసినట్టుంది. "నేను ఇంట్లోనే ఉన్నాను మేడం. ఖాళీగా కూర్చున్నాను. నా కూతుర్ని పక్కింటి వాళ్లు తీసుకొస్తున్నారు. కిటికీలోంచి చూస్తుంటే ఎలాగో ఉంది."

ఆ బాధ న్యాయమైనదే. నా నియమం కాగితం మీద బాగుంది, ఆయనని ఇంట్లో అతిథిని చేసింది. అందుకని కాస్త మార్చాం. పక్కింటివాళ్లు వెళ్లేటప్పుడు ఆయనా వాళ్లతో వెళ్తారు. దారిలో ఫోన్ వస్తే వెనక్కి తిరుగుతారు, పాప ఆగకుండా ఇంటికి చేరుతుంది. ఆ రెండు నెలల్లో ఎనిమిది స్టాండ్‌బైలు పడ్డాయి, ఐదింటికి పిలుపు వచ్చింది. ఒకసారి డేకేర్ గేటు దగ్గరే ఫోన్ మోగింది. ఆయన పాపకి చెయ్యి ఊపి వెళ్లిపోయారు. పాప పక్కింటి ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు అమ్మ క్లాసు మానలేదు.

మూడో సిట్టింగ్‌కి వచ్చేసరికి నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకునే వచ్చారు. ఆ విడత కమాండ్ వద్దనుకున్నారు, కోర్సు పూర్తయ్యాక వచ్చే మొదటి విడతలో తీసుకుంటారు. లాంగ్ హాల్ ఉద్యోగానికి మర్యాదగా "ఇప్పుడు కాదు" అని రాశారు. ఆ ఉత్తరం ఆవిడే చదివి సరిచేశారట.

తర్వాత ఏమైంది

పదిహేను నెలలకి ఆయన కమాండ్ ట్రైనింగ్‌కి వెళ్లారు. సిమ్యులేటర్, లైన్ ట్రైనింగ్, చెక్‌లు, ఆ మూడు నెలలు ఇంట్లో నీలం గడులు దాదాపు లేవు. అవి ముందే క్యాలెండర్‌లో వేసుకున్నారు కాబట్టి గొడవ రాలేదని ఆవిడ అన్నారు. కెప్టెన్ల లిస్టులో ఆయన కింద పదిహేడు మంది ఉన్నారు. స్టాండ్‌బైలు నెలకి ఐదు దగ్గర ఆగాయి.

కుదరనివీ ఉన్నాయి. వారాంతాలు మాత్రం పోయాయి, మొదటి ఏడాదిలో పూర్తిగా ఇంట్లో గడిపిన ఆదివారాలు తొమ్మిదే. ఆయన కంటే ఏడాదిన్నర తర్వాత చేరి ముందుగా కెప్టెన్ అయిన స్నేహితుడి పక్కన, ఒక ట్రిప్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చోవలసి వచ్చినప్పుడు చాలా బాధపడ్డారు. ఆ రాత్రి హోటల్ నుంచి నాకు రాసిన మెసేజ్ పొడుగ్గా ఉంది. నిర్ణయం తప్పని అందులో లేదు, నొప్పిగా ఉందని మాత్రం ఉంది. ఆ నొప్పిని ఆవిడతో చెప్పుకోమన్నాను. మొదట ఒప్పుకోలేదు, తన వల్లే అనుకుంటుందని భయం. వారం తర్వాత చెప్పారు. ఆవిడ, "నాకు ఆ రోజే తెలుసు. నువ్వు చెప్తావని చూస్తున్నా" అన్నారట.

లాంగ్ హాల్ ఫైలు పారేయలేదు. ఆవిడ కోర్సు అయిపోయింది, ఇప్పుడు ఊరు మారినా ఆమె చేతిలో పూర్తి అర్హత ఉంది. ఆయన చేతిలో కమాండ్ అవర్స్ పెరుగుతున్నాయి, నేరుగా కెప్టెన్‌గా తీసుకునే వైడ్‌బాడీ కంపెనీలు కూడా ఉన్నాయి. ఈసారి ఎక్సెల్ షీట్‌లో ఏ వరసలు ఉండాలో ఆవిడే రాస్తున్నారు. మొదటి వరస, బేస్ ఉన్న ఊళ్లోనే ఇల్లు.

దాని మీద మాట్లాడటానికి వచ్చే నెల సిట్టింగ్ పెట్టుకున్నాం. తేదీ అడగడానికి నేను ఆయనకి ఫోన్ చేస్తే, ఫోన్ ఆవిడకిచ్చారు. గోడ మీది రోస్టర్ కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "పద్దెనిమిది పెట్టుకుందాం మేడం. పంతొమ్మిది స్టాండ్‌బై" అన్నారు.